ల్యాబ్ ప్రోగ్రాములన్నీ వచ్చు, కానీ ఇంటర్న్‌షిప్‌లో ప్రాజెక్ట్ తెరిస్తే ఏమీ అర్థం కావట్లేదు. కాలేజీలో, కాలేజీ అయ్యాక మీరు నిజంగా ఏం నేర్చుకున్నారు?

గోదారిగట్టు_21

అందరికీ నమస్తే. నేను సీఎస్ఈ థర్డ్ ఇయర్ అయిపోయి ఫైనల్ ఇయర్‌కి వెళ్తున్నా, మాది పశ్చిమ గోదావరి. ఫస్ట్ ఇయర్‌లో సీ ల్యాబ్ మొత్తం డాస్‌బాక్స్‌లో టర్బో సీ అనే పాత కంపైలర్ మీదే చేశాం, ఆ నీలం స్క్రీన్, తర్వాత డేటా స్ట్రక్చర్స్, జావా, డీబీఎంఎస్ ల్యాబులు, అన్నింట్లో మార్కులు బాగానే వచ్చాయి. అబ్జర్వేషన్, రికార్డు ఎప్పుడూ లేట్ చేయలేదు, ఎక్స్‌టర్నల్‌లో లింక్డ్ లిస్ట్ చీటీ వచ్చినా ట్రీ ట్రావెర్సల్ చీటీ వచ్చినా గంటలోపు అవుట్‌పుట్ చూపించేదాన్ని. అందుకే నాకు ప్రోగ్రామింగ్ వచ్చు అనే అనుకున్నా.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్. వీళ్లు పాల కేంద్రాలకి సాఫ్ట్‌వేర్ చేస్తారు, అంటే ఊళ్లో రైతు పాలు పోసినప్పుడు లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎంట్రీ పడుతుంది, రైతుకి తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్తుంది, పది రోజులకోసారి బిల్లు. జావా, దాని మీద స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. తెరిచి చూస్తే నాలుగొందల పైన ఫైళ్లు. ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఎక్కడుందా అని వెతికా, దొరికింది, లోపల ఒక్క లైనే ఉంది, అక్కడి నుంచి ఎటు వెళ్లాలో తెలీలేదు.

నాకిచ్చిన పని ఏంటంటే రోజువారీ రిపోర్ట్‌లో కొందరు రైతుల పొద్దుటి పాలు ముందు రోజు తేదీ కింద పడుతున్నాయట, కొందరివి కరెక్ట్‌గానే వస్తున్నాయట, ఎందుకో చూడమన్నారు. మూడు రోజులైంది, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీట్లేదు. టీమ్ లీడ్ మంచివారే, అడిగితే చెప్తారు, కానీ ఏమని అడగాలో తెలీక అడగట్లేదు. హాస్టల్‌కి వచ్చి మూడేళ్లు ఏం నేర్చుకున్నాను అని ఏడుపొచ్చేసింది నిన్న.

కాలేజీలో నేర్చుకున్నవాటిలో మీకు ఏది మిగిలింది, ఏది బయటికి వచ్చాకే తెలిసింది, కొంచెం వివరంగా చెప్తారా. కోర్సు లింకులు వద్దండి, అవి నా దగ్గర చాలానే ఉన్నాయి.

వరంగల్_దారి

చెల్లె, ముందుగాల ఒక మాట, మూడు రోజులకే దిగులు వెట్టుకోకు. నాకు మొదటి ఉద్యోగంల కోడ్ రాయనిచ్చేసరికి ఏడు నెలలు వట్టింది, అప్పటిదాక సపోర్ట్, అంటే రాత్రి పూట లాగ్స్ చూసుడు, ఏదన్న ఆగిపోతే లేపుడు. అప్పుడు కోపం వచ్చేది గని ఇయ్యాల నాకు వచ్చిన పనిల సగం ఆ ఏడు నెలలల్లనే నేర్చుకున్న.

కాలేజిల మనం ఎప్పుడు ఖాళీ ఫైల్ నుంచే మొదలువెడ్తం. నూరు లైన్లు, అన్ని మనమే రాసినయి, పైకెల్లి కిందికి చదివితే అయిపోతది. ఉద్యోగంల ఖాళీ ఫైల్ నాకు ఏడాదికి రెండు మూడు సార్లు దొరికితే ఎక్కువ. మిగతాదంత ఎవరో రాసిపోయిన కోడ్, రాసిన మనిషి కంపెనీల గూడ ఉండడు. గందుకే చదువుడు వేరే పని, రాసుడు వేరే పని, మనకు ఒక్కటే నేర్పిండ్రు. నీకు ప్రోగ్రామింగ్ రాదని గాదు, ఇంకో సగం ఇప్పుడు మొదలైంది.

నాలుగొందల ఫైళ్లు ఎవ్వరూ చదవరు, మీ లీడ్ గూడ అన్ని చదివి ఉండడు. మెయిన్ నుంచి మొదలువెట్టకు. స్ప్రింగ్ బూట్‌ల మెయిన్ అనేది ఇంజన్ స్టార్ట్ చేసే తాళం లెక్క, బండి ఎటు పోతదో అండ్ల ఉండది. నువ్వు స్క్రీన్ మీద కనబడే ఒక మాట పట్టుకో. రిపోర్ట్ పైన హెడ్డింగ్ ఉంటది గదా, ఆ మాటను మొత్తం ప్రాజెక్ట్‌ల వెతుకు, అది ఏ పేజీల ఉందో దొరుకుతది. ఆ పేజీ ఏ యూఆర్‌ఎల్‌ను పిలుస్తుందో బ్రౌజర్ల నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తె కనబడ్తది, ఆ యూఆర్‌ఎల్‌ను మళ్ల ప్రాజెక్ట్‌ల వెతికితే కంట్రోలర్ అంటే ఆ పిలుపు అందుకునే కోడ్, అక్కడికెల్లి సర్వీస్ అంటే అసలు పని చేసే కోడ్, అక్కడికెల్లి క్వెరీ అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న. నీకు కావల్సినయి ఆరో ఏడో ఫైళ్లు ఉంటయి అంతే. ఒక నోట్‌బుక్‌ల బాణాలు గీసుకుంట పో, నేను ఇప్పటికి గూడ కాయితం మీదనే గీస్త.

క్వెరీ దొరికినంక ఆ లైన్ మీద గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్)ల బ్లేమ్ అనే కమాండ్ కొట్టు, ఎవరు ఎప్పుడు రాసిండ్రో, ఏమని మెసేజ్ వెట్టిండ్రో వస్తది. పేరు చూసి తప్పువట్టడానికి గాదు, అప్పుడు వాళ్లు ఏం సమస్య మీద ఉండిరో తెలుసుకోవడానికి. గిట్‌ను 2005ల లైనస్ టోర్వాల్డ్స్ చేసిండు, మేము బీటెక్ చదివేటప్పటికే అది ఉండె, అయినా మాకు నాలుగేండ్లల్ల ఒక్కలు గూడ దాని పేరు చెప్పలే, ప్రాజెక్ట్ ఫోల్డర్ పేరు ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కొత్తది అని పెన్‌డ్రైవ్‌ల తిప్పుకున్నం.

ఇగ నీ బగ్ గురించి. కోడ్ చూసే ముందు డేటా చూడు. తప్పు పడ్డ ఎంట్రీలు ఒక పది, కరెక్ట్ పడ్డయి ఒక పది తీసి పక్కపక్కన వెట్టు, అన్ని కాలమ్‌లతోని. ఏ కేంద్రం, ఏ రైతు, ఏ యాప్ వెర్షన్, ఎన్ని గంటలకు పడ్డది. తప్పువాటి అన్నిట్ల ఉండి, కరెక్ట్‌వాటిల లేనిది ఏందో అది వెతుకు. చేసి ఈడ పెట్టు, చూద్దాం.

నీలి_తెర

నాదీ అదే నీలం స్క్రీన్ బ్యాచ్, విజయవాడలో చదివి 2009లో బయటికొచ్చా, ఇప్పుడు బెంగళూరు. నేను పైన అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా కాలేజీలో చెప్పిందంతా వేస్ట్ అనేవాళ్లు ఎక్కువ కనిపిస్తారు, నేను అది ఒప్పుకోను.

టర్బో సీలో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం చేసి ఉంటావుగా. 7 ఇస్తే 5040 వస్తుంది. 8 ఇస్తే మైనస్ 25216 వస్తుంది. మా ల్యాబ్‌లో నాకది వచ్చింది, సర్‌ని అడిగితే ఎక్స్‌టర్నల్‌లో 5 ఇవ్వమ్మా చాలు అన్నారు, నేనూ వదిలేశా, రికార్డులో 120 అని రాసేశా. అసలు సంగతేంటంటే ఆ కంపైలర్‌లో ఇంట్ అంటే 16 బిట్లు, 32767 దాటితే అటువైపు తిరిగిపోతుంది, 40320లోంచి 65536 తీసేస్తే సరిగ్గా మైనస్ 25216. కంప్యూటర్ ఆ రోజు నాకు ఒక పాఠం మొత్తం స్క్రీన్ మీద పెట్టి చూపించింది, నేను చూడలేదు.

ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకి ఒక అర్ధరాత్రి ఫోన్ వచ్చింది, డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో కొత్త ఎంట్రీ ఒక్కటీ పడట్లేదు అని. నోటిఫికేషన్ల టేబుల్, రోజుకి లక్షల్లో పడేవి. గంటన్నర నెట్‌వర్క్ అనీ డిస్క్ అనీ వెతికాం. చివరికి చూస్తే ఐడీ కాలమ్ మామూలు ఇంట్, 214,74,83,647 దగ్గర ఆగిపోయింది. అదే ఫ్యాక్టోరియల్ 8, పెద్ద సైజులో. ఐడీని బిగ్ఇంట్, అంటే ఇంకా పెద్ద అంకెలు పట్టే టైపు, చేయడం తేలికే కానీ అంత పెద్ద టేబుల్ మార్చడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ ముందు అంచనా లేదు, తెల్లారింది.

డీబీఎంఎస్‌లో బీ ప్లస్ ట్రీ, అంటే డేటాబేస్ ఇండెక్స్ లోపల ఉండే చెట్టు, అది కూడా అంతే. పరీక్షకి బొమ్మ గీసి, నోడ్ ఎలా విడిపోతుందో రాసి పది మార్కులు తెచ్చుకున్నా. అది ఎందుకో తర్వాత తెలిసింది, ఒక రిపోర్ట్ నలభై సెకన్లు పడుతుంటే. ఇండెక్స్ ఉంది, అయినా స్లోగా ఉంది, ఎందుకో అర్థం కాలేదు. ఓటర్ల జాబితా గుర్తు తెచ్చుకో, అది పోలింగ్ బూత్ వారీగా, లోపల ఇంటి నంబర్ వారీగా ఉంటుంది, ఫలానా బూత్‌లో ఫలానా ఇల్లు అంటే టక్కున తీస్తాం, కానీ ఒక ఇంటి నంబర్ మాత్రమే చెప్పి జిల్లా మొత్తంలో వెతకమంటే అన్ని పేజీలూ తిప్పాల్సిందే. రెండు కాలమ్‌ల ఇండెక్స్ కూడా అంతే, మొదటి కాలమ్ చెప్పకుండా రెండోది అడిగితే అది మామూలుగా పనికిరాదు. కాలమ్‌ల వరస మార్చి కొత్త ఇండెక్స్ వేస్తే రిపోర్ట్ సెకను లోపు వచ్చింది. ఎక్స్‌ప్లెయిన్ అనే ఒక్క మాట క్వెరీ ముందు పెడితే డేటాబేస్ ఏం చేయబోతోందో చెప్తుంది, ఇది మాకు ల్యాబ్‌లో ఒక్కసారి చూపించి ఉంటే ఆ ట్రీ బొమ్మకి ప్రాణం వచ్చేది.

కాబట్టి పాత నోట్స్ పారేయకు. ఇంకో ఏడాది తర్వాత మళ్లీ తెరువు, వేరేలా కనిపిస్తాయి.

గోదారిగట్టు_21

అన్నా, అక్కా, చాలా థాంక్స్. హెడ్డింగ్ మాట పట్టుకుని వెళ్తే నిజంగానే ఏడు ఫైళ్లు దాటి క్వెరీ దొరికింది, మధ్యాహ్నం లోపే. క్వెరీలో ఎంట్రీ టైమ్ మీద డేట్ ఫంక్షన్ పెట్టి ఆ తేదీతో గ్రూప్ చేస్తున్నారు.

ఎంట్రీలు పక్కపక్కన పెట్టా. కేంద్రాలు వేరు వేరు, రైతులు వేరు వేరు, యాప్ వెర్షన్లు కూడా రెండు వైపులా అవే ఉన్నాయి. కానీ తప్పు పడ్డవన్నీ తెల్లవారుజామువే. యాప్‌లో చూస్తే 5:04, 5:12, 5:26. కరెక్ట్ పడ్డవాటిలో అన్నిటికన్నా ముందుది 5:31. 5:30కి అటు ఒకటి, ఇటు ఒకటి. నాకు చేతులు వణికాయి చూడగానే, ఏదో ఉందని తెలుస్తోంది.

చాట్‌జీపీటీని అడిగితే క్వెరీలో టైమ్‌కి 5 గంటల 30 నిమిషాలు కలపమంది, కలిపితే ఈ రిపోర్ట్ కరెక్ట్‌గా వస్తోంది. కానీ నెలవారీ రిపోర్ట్‌కి కూడా అలాగే కలిపితే అక్కడ సాయంత్రం పాలు రేపటి తేదీలోకి వెళ్లిపోయాయి. ఎందుకు?

డాలస్_గాజువాక

చాలా బాగా పట్టుకున్నావమ్మా, ఇది చిన్న విషయం కాదు. మన టైమ్ యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైమ్, దాని కన్నా ఐదున్నర గంటలు ముందు. సర్వర్, డేటాబేస్ యూటీసీలో ఉన్నాయి. ఊళ్లో పొద్దున 5:12 అంటే యూటీసీలో ఇంకా నిన్న రాత్రి 23:42. దాని మీద డేట్ ఫంక్షన్ పెడితే నిన్నటి తేదీయే వస్తుంది. మనకి 5:30 అయ్యే క్షణానికే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది, అందుకే నీకు ఆ గీత అంత స్పష్టంగా కనిపించింది. ఆఫీసులో పొద్దున పదింటికి టెస్ట్ చేసేవాళ్లెవరికీ ఈ బగ్ ఎప్పటికీ కనిపించదు, తెల్లవారుజామున పాలు పోసేవాళ్లకే కనిపిస్తుంది.

నెలవారీ రిపోర్ట్‌లో ఎవరో ముందే ఎక్కడో మన టైమ్‌కి మార్చి ఉంటారు, నువ్వు ఇంకోసారి కలిపేసరికి పదకొండు గంటలు అయింది, అందుకే సాయంత్రం పాలు రేపటికి దూకాయి. చేత్తో కలపడం తప్పు అనేది ఇందుకే. ఎక్కడ కలిపారో ఎక్కడ కలపలేదో కొన్నాళ్లకి ఎవరికీ గుర్తుండదు. నిల్వ చేసేది ఎప్పుడూ యూటీసీ, మనిషికి చూపించేటప్పుడో రోజు లెక్క కట్టేటప్పుడో మాత్రమే ఏషియా/కోల్‌కతా జోన్ పేరు చెప్పి మార్చాలి, అది కూడా ఒక్క చోట, ఒక్క ఫంక్షన్‌లో.

ఇంకో సలహా, నీలి తెర గారు చెప్పిన ఇండెక్స్ విషయం ఇక్కడ పనికొస్తుంది. కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టేస్తే టైమ్ మీద ఇండెక్స్ ఉన్నా మామూలుగా వాడలేదు. దానికి బదులు ఆ రోజు మొదలు, ఆ రోజు ముగింపు రెండు క్షణాలు జావాలో లెక్కగట్టు. మన అర్ధరాత్రి అంటే యూటీసీలో ముందు రోజు 18:30. కాబట్టి ముందు రోజు 18:30 నుంచి ఈ రోజు 18:30 లోపు పడ్డవి తీసుకో, మొదటిది కలుపుకుని, రెండోది కలుపుకోకుండా. రెండూ కలుపుకుంటే సరిగ్గా ఆ క్షణంలో పడ్డ ఎంట్రీ రెండు రోజుల్లో లెక్కకొస్తుంది.

సరిచేసే ముందు టెస్ట్ రాయి. 5:29:59కి ఒక ఎంట్రీ, 5:30కి ఒక ఎంట్రీ, రాత్రి 11:59కి ఒకటి. ఇప్పటి కోడ్ మీద మొదటిది ఫెయిల్ అవ్వాలి, అవ్వకపోతే నీ టెస్టే తప్పు. కాలేజీలో మాకు టెస్టింగ్ అంటే వైట్ బాక్స్ బ్లాక్ బాక్స్ అని ఐదు మార్కుల ప్రశ్న. తప్పు ముందు చూసి, తర్వాత సరిచేసి, అది పోయిందని మళ్లీ చూడటం నాకు అమెరికా వచ్చాక ఒక సీనియర్ పక్కన కూర్చుని నేర్పింది. ఇక్కడ ఇంకో తిప్పలు ఉంది, నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు అవ్వగానే గడియారం మళ్లీ ఒంటిగంటకి వెళ్తుంది, అంటే ఒకే రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. లోకల్ టైమ్ చూసుకుని 1:30కి నడిచేలా నేను రాసిన జాబ్ ఆ రాత్రి రెండుసార్లు నడిచి కస్టమర్లకి రెండేసి మెయిల్స్ పంపింది. ఆ తర్వాత నుంచి టైమ్ ఉన్న ఏ కోడ్ చూసినా ముందు అడిగేది ఇది ఎక్కడి టైమ్ అని.

ఇంకొకటి చూసుకో. ఎంట్రీ టైమ్ అంటే కేంద్రంలో పాలు పోసిన టైమా, సర్వర్‌కి చేరిన టైమా? ఊళ్లో సిగ్నల్ లేక రాత్రికి సింక్ అయితే రెండూ చాలా తేడా వస్తాయి.

సీమ_పాడి

నేను సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్లు, మా అమ్మ ఇరవై ఏళ్లుగా పాలు పోస్తాది, మాది చిత్తూరు వైపు పల్లె. అందుకే ఈ బగ్ చదివి ఊరుకోలేకపోయినా.

తేదీ ఒక్కటే మారితే లెక్క మొత్తం మీద పోదు కదా, ఈ బిల్లులో కాకపోతే వచ్చే బిల్లులో వస్తాది అనుకుంటారు మీ ఆఫీసులో. అట్ల కాదు. రేటు మారే రోజు ఒకటి ఉంటాది. ఫలానా తేదీ నుంచి కొత్త చార్టు అంటారు. ఆ రోజు పొద్దున 5:12కి పోసిన మనిషికి ముందు రోజు తేదీ పడితే పాత రేటే కడతారు, అదే వరసలో వెనక నిలబడి 5:35కి పోసిన మనిషికి కొత్త రేటు. ముందు లేచిన మనిషికి నష్టం. మీ కోడ్‌లో రేటు తీసేటప్పుడు కూడా ఇదే డేట్ ఫంక్షన్ వాడుతున్నారేమో తప్పకుండా చూడు, రిపోర్ట్ కన్నా అది ముఖ్యం.

అట్లే డబ్బులు, ఫ్యాట్ ఏ టైపులో పెట్టినారో చూడు. డబుల్ (జావాలో దశాంశాలు పెట్టే టైపు) అయితే జాగ్రత్త. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తాది, ఎందుకంటే మూడింట ఒకటిని మనం దశాంశంలో ఎట్ల పూర్తిగా రాయలేమో పదింట ఒకటిని కంప్యూటర్ 0, 1 అనే రెండే అంకెల లెక్కలో పూర్తిగా రాయలేదు. నేను ఒకచోట ఇట్లాంటి ఫ్యాట్ రేటు చార్టే చూసినా, 3.0 నుంచి మొదలుపెట్టి 0.1 కలుపుకుంటా పోయి తయారుచేసినారు, కొన్ని అడుగులు పోయినాక 6.4 అనేది అచ్చంగా 6.4గా లేదు, మిషన్ నుంచి వచ్చిన 6.4తో సమానమా అని అడిగితే కాదంది, కింది రేటు తీసుకుంది. దానికి మందు ఏందంటే ఫ్యాట్‌ని 64 అని పూర్ణాంకంగా పెట్టుకో, డబ్బుల్ని పైసల్లో పెట్టుకో. జావాలో కచ్చితమైన దశాంశాల కోసం ఉండే బిగ్‌డెసిమల్ వాడితే 0.1ని డబుల్‌గా ఇవ్వకు, కోట్స్‌లో స్ట్రింగ్‌గా ఇయ్యి, లేకపోతే ఆ తప్పు దాంట్లోకి కూడా పోతాది.

కాలేజీలో నాకు అర్థం కానిది, ఉద్యోగంలో కూడా రెండేళ్లు అర్థం కానిది ఇదే, అవుట్‌పుట్ అంటే స్క్రీన్ మీద అంకె అనుకున్నా. మా అమ్మ బిల్లు చీటీ చేతిలో పట్టుకుని వేళ్లు మడిచి లెక్క చూసుకుంటాది, రూపాయి తేడా వచ్చినా కేంద్రం దగ్గర అడుగుతాది, వాళ్లు కంప్యూటర్‌లో అట్లే వచ్చింది అంటారు. ఆ కంప్యూటర్‌లో అట్లే వచ్చింది అనే మాట వెనక మనలాంటోళ్లు రాసిన లైన్ ఉంటాది. వీలైతే ఒక రోజు పొద్దున్నే కేంద్రానికి పోయి నిలబడు. వాళ్లు ఎంత గబగబా నొక్కతారో, ఏ బటన్ రెండుసార్లు నొక్కతారో, కరెంటు పోతే ఏం చేస్తారో చూస్తే నీకు నెల రోజుల పని అర్థమవుతాది.

వత్తు_గుడి

ఎస్ఎంఎస్ తెలుగులో వెళ్తుంది అన్నారు కాబట్టి ఒక మాట, నేను ఆరేళ్లుగా తెలుగు టెక్స్ట్ మీదే పని చేస్తున్నా. ఇంగ్లీష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగు పెడితే 70 మాత్రమే, అది దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి 67. ఖర్చు ముక్కల లెక్కన పడుతుంది కాబట్టి ఏ కంపెనీ అయినా మెసేజ్ కుదించమంటుంది, అప్పుడు ఎవరో ఒకరు పేరుని మొదటి పది అక్షరాలకి కత్తిరించు అని కోడ్ రాస్తారు. అక్కడే అసలు ప్రమాదం.

లక్ష్మి అనేది మన కంటికి రెండు అక్షరాలు. జావాలో లెంగ్త్ అడిగితే 7. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. సగంలో కత్తిరిస్తే పేరు చివర పొల్లు వేలాడుతుంది. కాలేజీలో స్ట్రింగ్ రివర్స్ ప్రోగ్రాం అందరం చేశాం, పాలిండ్రోమ్ చేశాం, ఒక్కసారి తెలుగు అనే మాట ఇచ్చి తిప్పి చూడండి, గుణింతం గుర్తులు ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి వెళ్లిపోతాయి. క్యారెక్టర్ అంటే ఒక బైట్ అని మనం పుస్తకంలో చదివాం, మన సొంత పేర్లు రాయడానికే అది సరిపోదని ఎవరూ చెప్పలేదు. నాకు ఈ సంగతి ఒక పెద్దావిడ తన పేరు అలా కాదు అని ఫోన్ చేసి చెప్పినప్పుడు తెలిసింది, ఇప్పటికీ గుర్తుంది ఆ గొంతు.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ క్యారెక్టర్ సెట్ కూడా చూసుకోండి. పేరు యూటీఎఫ్8 అని ఉన్న పాతది అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగు మూడు బైట్లలో పడుతుంది కాబట్టి టెస్టులన్నీ బాగుంటాయి, ఎవరో రిమార్క్స్‌లో దండం ఎమోజీ పెట్టిన రోజు ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే దానికి నాలుగు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి.

ల్యాబ్_మేడమ్

అమ్మా, నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదిహేనేళ్లుగా చెప్తున్నాను. నువ్వు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు, నా పిల్లలు కూడా ఇలాగే వెళ్తుంటారు కదా అని. మా వైపు సంగతి కూడా చెప్తాను, సమర్థించుకోవడానికి కాదు. అరవై మంది, మూడు గంటలు, రికార్డులు దిద్దాలి, సంతకాలు పెట్టాలి, సిలబస్‌లో ఉన్న ప్రోగ్రాముల లిస్టు పూర్తవ్వాలి. అవుట్‌పుట్ వచ్చిందా లేదా చూడటానికి మాత్రమే టైమ్ ఉంటుంది. ఎందుకు వచ్చింది అని అడగాలంటే ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు కూర్చోవాలి.

రెండేళ్ల నుంచి నేను ఒకటి మార్చాను. వారం విడిచి వారం ప్రోగ్రాం రాయమని అడగను, నేనే రాసిన ఒక ప్రోగ్రాం ఇస్తాను, అందులో ఒక తప్పు ఉంటుంది, చూడటానికి బాగానే నడుస్తుంది, ఏదో ఒక ఇన్‌పుట్‌కి మాత్రం తప్పు చెప్తుంది. ఆ ఇన్‌పుట్ ఏంటో కనిపెట్టాలి, సరిచేయక్కర్లేదు. మొదట్లో పిల్లలకి నచ్చలేదు. ఇప్పుడు గంట కొట్టినా లేవరు. మీ 5:12 ఎంట్రీని, నీలి తెర గారి ఫ్యాక్టోరియల్ 8ని నేను వచ్చే సెమిస్టర్‌లో ఇస్తాను, మీరిద్దరూ అభ్యంతరం లేదంటే.

ఇంకొకటి, లీడ్‌ని అడగడం గురించి. ఏమని అడగాలో తెలీట్లేదు అన్నావు. నేను ఇది చేశాను, ఇది వస్తుందనుకున్నాను, ఇది వచ్చింది, ఈ రెండు చూశాను, ఇక్కడ ఆగాను. ఈ ఐదూ రాసుకుని వెళ్లు. వాటిని రాసేటప్పుడే సగం సార్లు జవాబు నీకే దొరుకుతుంది, దొరకకపోతే ఆయనకి నీ పక్కన కూర్చోవడం తేలికవుతుంది.

గోదారిగట్టు_21

మేడమ్, తప్పకుండా ఇవ్వండి, నాకు చాలా సంతోషం.

ఇవాళ్టి సంగతి చెప్తా. మూడు టెస్టులు రాశా, పాత కోడ్ మీద 5:29:59ది ఫెయిల్ అయ్యింది, దాన్ని ఎర్రగా చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు. రోజు మొదలు, ముగింపు ఇచ్చే ఫంక్షన్ ఒకటి రాసి క్వెరీ మార్చా, మూడూ పచ్చగా వచ్చాయి. రివ్యూలో లీడ్ నాలుగు కామెంట్లు పెట్టారు, ఒకటి ఫంక్షన్ పేరు, ఒకటి నెలవారీ రిపోర్ట్‌లో ఉన్న పాత మార్పిడిని తీసేసి అక్కడ కూడా ఇదే ఫంక్షన్ వాడమని, మిగతా రెండూ టెస్టుల గురించి. చేసేశా, మెర్జ్ అయ్యింది, అంటే అసలు కోడ్‌లో కలిసింది.

తర్వాత మేడమ్ చెప్పినట్టు ఐదు లైన్లు రాసుకుని రేటు చార్టు విషయం అడిగా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తన లాప్‌టాప్ తిప్పి నా పక్కనే కూర్చున్నారు. రేటు తీసే చోట కూడా అదే డేట్ ఫంక్షన్ ఉంది. పోయినసారి రేటు మారిన రోజు 5:30 లోపు పోసినవాళ్ల లిస్టు తీశాం, 38 మంది. వాళ్లకి తేడా ఎంతో లెక్క కట్టే పని నాకే ఇచ్చారు, పైసల్లో కడుతున్నా. ఎంట్రీ టైమ్ అంటే సర్వర్‌కి చేరిన టైమా కాదా అనేది మాత్రం ఇంకా తేలలేదు, యాప్ రాసినాయన సోమవారం వస్తారట.

శనివారం రాత్రి బస్‌కి ఊరెళ్తున్నా. మా ఊళ్లో కూడా పాల కేంద్రం ఉంది, చిన్నప్పటి నుంచి దాని ముందు నుంచే స్కూల్‌కి వెళ్లేదాన్ని, లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆదివారం పొద్దున నాలుగున్నరకి లేపమని నాన్నకి చెప్పా. మొదటి క్యాన్ ఎన్నింటికి దిగుతుందో, ఎంట్రీ ఎప్పుడు కొడతారో చూసొచ్చి ఇక్కడ రాస్తా.